వాసెన కట్టిన పాటలు

మండపేటలో హైమావతి అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే కానీ, తన చేతిలో పడ్డ వస్తువుని ఇంకొకరి చేతికివ్వాలంటే ఆవిడకి ప్రాణం మీదికొచ్చేది.

పక్కింటివాళ్లు జల్లెడ అడిగితే "తడిగా ఉందమ్మా" అనేది. ఆ జల్లెడ పెరట్లో గోడమీద ఎండుతూ అందరికీ కనపడుతూనే ఉండేది. కజ్జికాయలు ఎలా చేస్తారని ఎవరైనా అడిగితే చెప్పేది, కాకపోతే ఒక దినుసు మింగేసి చెప్పేది. వాళ్లు చేసుకుని, "మీలా రాలేదండీ" అంటే, "చెయ్యి తిరగాలి మరి" అని లోపల్లోపల సంబరపడేది.

తల్లి రాజ్యమ్మ గుణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేసంకాలం వస్తే రాజ్యమ్మ పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టేది. మూడోరోజు తిరగకలిపి, ముందు ఇంట్లోవాళ్లకి కాదు, చుట్టుపక్కలవాళ్లకి పంపించేది. అందుకోసమే "రాజ్యలక్ష్మి" అని పేరు చెక్కించిన చిన్న స్టీలు గిన్నెలు ఒక వరస ఉండేవి. ఆ గిన్నెలు ఇంటింటికీ మోసేది చిన్నప్పటి హైమావతే. మొహం ముడుచుకుని మోసేది.

"అందరికీ పంచేస్తే మనకేం మిగులుతుందే అమ్మా?"

"పంచిందే మిగిలేది. పద, చల్లారకముందే ఇచ్చిరా."

"ఆవకాయ చల్లారడమేంటమ్మా!"

"నీ కోపం గురించే చెప్తున్నాలే. చల్లారితే ఇంక కదలవు. పద."

ఆ రోజుల్లో గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. ఒకరింటి నుంచి రెండు మునక్కాడలు, ఇంకొకరింటి నుంచి గుప్పెడు గోరింటాకు, ఏమీ లేనివాళ్లింటి నుంచి చిటికెడు పంచదార. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఖాళీ గిన్నె ఇస్తే ఇచ్చినవాళ్లకి నామోషీ.

రాజ్యమ్మ ఆవకాయ ఒక్కటే కాదు, పాట కూడా అలాగే పంచేది. అప్పట్లో పెళ్లంటే ఆడవాళ్ల పాటలు ఉండాల్సిందే. నలుగు దగ్గరొక పాట, బంతి దగ్గరొక పాట, అప్పగింతల దగ్గరొక పాట. వియ్యపురాలు విస్తరి ముందు కూర్చుందంటే చాలు, "చెవుల దుద్దులు మెరుస్తున్నాయి సరే, విస్తట్లో బూరెలు ఎటుపోయాయమ్మా" అని రాజ్యమ్మ అందుకునేది. వియ్యపురాలు ఉడుక్కునేది, బంతి అంతా నవ్వులే. రాజ్యమ్మ పక్కన కూర్చుని వంత పాడేది వెనకవీధి మంగతాయారు. ఆవిడ రాజ్యమ్మకంటే బాగా చిన్నది. హైమావతి ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేది.

హైమావతి భర్త పట్టాభికి బస్టాండు దగ్గర వీడియో షాపు ఉండేది. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనే తీసేవాడు. ఆయనకొక బలహీనత ఉండేది. అత్తగారు పాట ఎత్తుకుందంటే పెళ్లికూతుర్ని వదిలేసి కెమెరా అటు తిప్పేసేవాడు.

"ఏమయ్యా, పెళ్లి మా అమ్మాయిదా, మీ అత్తగారిదా?" అని పెళ్లివారు కేకలేసేవారు.

"పెళ్లికూతురు రేపూ ఉంటుందండీ. ఈ పాట ఇప్పుడు పోతే మళ్లీ రాదు," అనేవాడు పట్టాభి.

ఒకసారి మనవరాలు, చంటిపిల్ల లిఖితని ఒళ్లో పెట్టుకుని రాజ్యమ్మ కెమెరా వైపు చూపించింది. "నీ పెళ్లికి నేనున్నా లేకపోయినా నా పాట ఉంటుందే బంగారూ. మీ నాన్న ఆ పెట్టెలో పడేస్తున్నాడుగా," అంది. లిఖితకి ఆ మాట జ్ఞాపకం లేదు కానీ, ఇంట్లోవాళ్లు చెప్పి చెప్పి అది తనకే జ్ఞాపకమన్నట్టు అయిపోయింది.

తర్వాత రాజ్యమ్మ పోయింది. పెళ్లిళ్లలో పాటల బదులు పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. అందరి ఫోన్లలోనూ కెమెరాలు వచ్చాయి. పట్టాభి షాపు మూసేశాడు. మూసేముందు అత్తగారి పాటలున్న కేసెట్లన్నీ వెతికి, వాటిని ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాడు. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె అది. కేసెట్లకి అప్పటికే బూజు పట్టడంతో పాత సామాన్లవాడికి వేసేశారు.

ఆ నల్ల పెట్టెని హైమావతి చేతుల్లోకి తీసుకుంది. అమ్మ గొంతు అందులో ఉంది. ఇక అది ఎవరి చేతికీ వెళ్లకూడదనుకుంది.

పసుపు గుడ్డలో చుట్టింది. అమ్మ ఆవకాయ జాడీ ఖాళీగా ఉంటే కడిగి తుడిచి అందులో పెట్టింది. పైన మూత వేసి, తెల్లగుడ్డ కప్పి, నారతో బిగించి వాసెన కట్టింది. అటక మీదికి ఎక్కించింది.

పట్టాభి తల పట్టుకున్నాడు. "అది కరెంటు వస్తువే, ఊరగాయ కాదు. అప్పుడప్పుడూ తీసి నడుపుతుండాలి. దాంట్లోది ఇంకో దాంట్లోకి కూడా ఎక్కిద్దాం. ఒక్కటే ఉండటం మంచిది కాదు."

"మాటిమాటికీ చెయ్యి పెడితేనేనండీ ఏదైనా పాడయ్యేది. కదపని జాడీకి బూజు రాదు."

"పోనీ ఒక్క కాపీ..."

"చూద్దాంలెండి."

ఆ "చూద్దాంలెండి" ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

మధ్యలో ఒకరోజు మంగతాయారు వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన చిన్న పెన్‌డ్రైవ్ ముడి విప్పి బల్ల మీద పెట్టింది.

"మా అల్లుడు కొనిచ్చాడే. మీ అమ్మ పాటలు ఇందులో వేసివ్వవే హైమా. నా గొంతు పోయింది. ఆవిడ పాడుతుంటే పక్కన కూర్చుని వినాలనుంది."

హైమావతికి కాదనడానికి నోరు రాలేదు. అవుననడానికి మనసు రాలేదు.

"అటక మీదుంది పిన్నీ. ఆయన నడుం నొప్పితో ఎక్కలేకపోతున్నారు. తర్వాత చూద్దాంలే."

మంగతాయారు ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. పెన్‌డ్రైవ్‌ని మళ్లీ కొంగున ముడేసుకుంది.

"వాసెన కట్టి పెడితే పాట అవదే, ముడుపవుతుంది," అంది. కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది.

హైమావతికి ఆ మాట గుచ్చుకుంది. కానీ జాడీ దిగలేదు.

లిఖితకి సంబంధం కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. చీరలంటారు, నగలంటారు, వంటవాళ్లంటారు, ఇల్లంతా హడావుడి. లిఖిత మాత్రం ఒక్కటే అడిగింది.

"అమ్మా, నా నలుగుకి స్పీకర్లో సినిమా పాటలు వద్దు. అమ్మమ్మ పాట కావాలి. నాకిచ్చిన మాట అది."

"ఉందిగా తల్లీ! భద్రంగా ఉంది," అంది హైమావతి. అలా అంటుంటే ఆవిడ గొంతులో గర్వం పొంగింది. ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వకుండా దాచింది ఈ రోజు కోసమే కదా అనుకుంది.

పట్టాభి నిచ్చెన వేసి జాడీ దించాడు. హైమావతి వాసెన విప్పింది. కడిగినా పోని పాత ఆవకాయ వాసన గుప్పుమంది. ఆవిడకి కళ్లు చెమర్చాయి. అమ్మ వంటింట్లో నిలబడ్డట్టే అనిపించింది. పసుపు గుడ్డ విప్పితే లోపల కొంచెం చెమ్మగా తగిలింది.

లిఖిత దాన్ని కంప్యూటర్‌కి తగిలించింది. చిన్న దీపం వెలిగింది. లోపల్నుంచి టక్... టక్... టక్ మని చప్పుడొచ్చింది. గడియారం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంది. కంప్యూటర్‌లో ఏమీ కనపడలేదు.

"ఆగు, పాత రేడియో కూడా ఇలాగే మొరాయించేది," అని పట్టాభి దాన్ని రెండు దెబ్బలు వేశాడు. టక్ టక్ ఇంకా ఎక్కువైంది. హైమావతి ఎండలో పెట్టింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని ఎవరో అన్నది గుర్తొచ్చి బియ్యం డబ్బాలో కూడా పెట్టింది. తీసి తగిలించినప్పుడల్లా ఆశగా చూశారు. చివరికి టక్ టక్ కూడా ఆగిపోయింది.

రాజమండ్రిలో ఇలాంటివి బాగుచేసే ఆయన ఉన్నాడంటే మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా హైమావతి ఆ పెట్టెని చంటిపిల్లని పట్టుకున్నట్టు గుండెకి ఆనించుకు కూర్చుంది. రాజమండ్రిలో గోదావరి కనపడగానే ఎప్పుడూ దణ్ణం పెట్టే మనిషి, పెట్టె వదలాల్సొస్తుందని చేతులు కూడా జోడించలేదు. మనసులోనే మొక్కుకుంది.

షాపాయన పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నాళ్లయిందమ్మా దీన్ని నడిపి?"

"నడపడమేంటండీ? దాచాం."

"ఎక్కడ?"

"ఊరగాయ జాడీలో."

ఆయన నవ్వబోయి, హైమావతి మొహం చూసి ఆపేసుకున్నాడు. "ఉప్పు పీల్చిన జాడీ అమ్మా. ఎంత కడిగినా చెమ్మ పడుతుంది. తుప్పు పట్టేసింది. పైగా చప్పుడు చేస్తున్నా మళ్లీ మళ్లీ తగిలించారు, అదింకా చెడిపింది. చేయగలిగిందంతా చేస్తాను. హైదరాబాదుకి కూడా పంపిస్తాను. ఇంతకీ వేరే కాపీ ఎక్కడైనా ఉందా?"

హైమావతి భర్త వైపు చూడలేకపోయింది. "లేదండీ," అని పట్టాభే చెప్పాడు. ఆయన తనని ఒక్క మాటా అనకపోవడమే ఆవిడకి ఎక్కువ నొప్పి పెట్టింది.

హైదరాబాదు నుంచి కూడా అదే జవాబు వచ్చింది. ఏమీ మిగల్లేదు. నల్ల పెట్టె ఖాళీ పెట్టెగా తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నం హైమావతి వంటింట్లో ఒక్కతే కూర్చుని, అమ్మ నలుగు పాట తానే పాడుకోవాలని చూసింది.

"సున్నిపిండికి సిగ్గు వచ్చెను చిన్నదానీ ఛాయకూ,
పసుపు ముద్దకు పొగరు తగ్గెను పడుచు చెంపలు తాకితే..."

అక్కడ ఆగిపోయింది. తర్వాతి చరణం రాలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఎన్నో పెళ్లిళ్లలో విన్న పాట, అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని విన్న పాట, సగంలో తెగిపోయింది. జాడీలో ఉందిగా అనే ధీమాతో నోటికి తెచ్చుకోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది ఆవిడకి. పెట్టె పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చింది.

పెళ్లి దగ్గర పడింది. బొట్టు పెట్టి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని వీధులు తిరిగింది. మంగతాయారు ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? వెనక్కి తిరగబోతుంటే లోపల్నుంచి కేక వినపడింది.

"ఎవరే గుమ్మంలో తచ్చాడుతోంది? హైమావా? బొట్టు పెట్టడానికొచ్చి దొంగలాగా ఆ నిలబడటమేంటి, లోపలికి రా!"

హైమావతి లోపలికెళ్లి బొట్టు పెట్టింది. పెడుతుంటే కుంకుమ జారి మంగతాయారు ముక్కు మీద పడింది.

"శుభమే. ముక్కు మీద కుంకుమ పడితే మొగుడికి ప్రేమెక్కువంటారు. ఈ వయసులో మీ బాబాయికి కొత్తగా ఎక్కడొస్తుందో ఏంటో," అని నవ్వింది మంగతాయారు.

హైమావతి నవ్వలేదు. "పిన్నీ, అమ్మ పాటలు పోయాయి," అంది. అంతే. తర్వాత జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. జాడీ, చెమ్మ, రాజమండ్రి, పిల్లకిచ్చిన మాట, సగంలో తెగిపోయిన పాట. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు ఇచ్చుంటే..." అని మాట పూర్తి చెయ్యలేకపోయింది.

మంగతాయారు కొంగుతో ముక్కు మీద కుంకుమ తుడుచుకుంది.

"నిన్ను నాలుగు తిట్లు తిట్టాలనుందే. కానీ పెళ్లి పిలుపుకొచ్చావు, బతికిపోయావు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కాఫీ తాగి వెళ్లు. ఆ రోజు నేను తాగకుండా వెళ్లిన కాఫీ కూడా ఇవాళే తాగుదాం. నలుగు రోజు పొద్దున్నే వస్తాలే."

నలుగు రోజు వచ్చింది. పందిట్లో పీట వేశారు. పసుపు చీర కట్టుకుని లిఖిత కూర్చుంది. ముత్తైదువలంతా చుట్టూ చేరారు. సున్నిపిండి గిన్నె పట్టుకుని నిలబడ్డ హైమావతికి చుట్టూ మాటలున్నా అంతా నిశ్శబ్దంగానే తోచింది. పాట లేదు. పిల్ల అడగలేదు. అడగకుండా తలొంచుకుంది.

అప్పుడు మంగతాయారు వచ్చింది. వీధి గుమ్మం దగ్గర్నుంచే అరుచుకుంటూ వచ్చింది.

"జరగండర్రా, జరగండి. ఇదిగోనే హైమా, మీ అమ్మ గిన్నె నా దగ్గర ఉండిపోయింది. అప్పెట్టుకుని చావలేను, తీసుకో."

చిన్న స్టీలు గిన్నె అది. అంచు మీద "రాజ్యలక్ష్మి" అన్న అక్షరాలు అరిగిపోయి కనపడీ కనపడకుండా ఉన్నాయి. గిన్నెలో ఒక పెన్‌డ్రైవ్ ఉంది.

హైమావతి అర్థం కానట్టు చూసింది.

"గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మీ అమ్మే నేర్పింది," అంది మంగతాయారు. "మా పెద్దపిల్ల పెళ్లి కేసెట్ మీ ఆయనే ఇచ్చాడుగా. అందులో మా పిల్ల నలుగు ఉంది, మీ అమ్మ పాట ఉంది. ఒక్క పాటే, కానీ మొదలు నుంచీ చివరిదాకా ఉంది."

"ఆ కేసెట్ ఇంకా ఉందా పిన్నీ?"

"నా దగ్గరదా? నా దగ్గరది ఎప్పుడో బూజు పట్టి పోయింది. కానీ అప్పట్లో అడిగినవాళ్లకల్లా కాపీలు తీయించి పంచాను. మా ఆడపడుచుకి తణుకు పంపాను. ఆవిడ కోడలు దాన్ని ఫోన్లోకి ఎక్కించి, వాళ్లింట్లో పెళ్లైనప్పుడల్లా వేస్తున్నారట. నువ్వు బొట్టు పెట్టి వెళ్లినరోజే ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా పంపించేశారు." ఆవిడ పీట పక్కన చతికిలపడింది. "ఒక ఏడాది వాన కురిసి మీ అమ్మ జాడీకి బూజొచ్చింది, గుర్తుందా నీకు? మీ ఇంట్లో చెంచాడు ఆవకాయ లేదు. అప్పుడు మేమంతా మా ఇళ్లల్లోంచి తలా ఒక గిన్నె తెచ్చి మీకిచ్చాం. మీ అమ్మ ఎంత నవ్విందో! 'మా జాడీ ఒక్కటే అనుకున్నాను, ఊరంతా నా జాడీలే ఉన్నాయే మంగా' అంది."

హైమావతికి గుర్తొచ్చింది. ఆ గిన్నెలు లోపలికి మోసింది కూడా తనే.

పట్టాభి పెన్‌డ్రైవ్‌ని స్పీకర్‌కి తగిలించాడు. ముందు గరగర వినిపించింది. ఎవరో పిల్లాడు ఏడ్చాడు. గాజుల చప్పుడు. ఆ గాజుల వెనకనుంచి రాజ్యమ్మ గొంతు, కాస్త బొంగురుగా, కాస్త నవ్వుతూ, పందిట్లోకి వచ్చేసింది.

"సున్నిపిండికి సిగ్గు వచ్చెను చిన్నదానీ ఛాయకూ..."

లిఖిత తలెత్తింది. పాట సాగి, ఆవిడ ఆగిపోయిన చోటు దాటింది.

"అమ్మ చేతుల నలుగు పెట్టిన అందమెక్కడ దాగునూ,
అత్తవారికి పంచిపెట్టవె, దాచబోకే నవ్వులూ."

పాటలో వంత పాడుతున్న అప్పటి మంగతాయారు గొంతు వినిపించేసరికి, పందిట్లో ముసలి మంగతాయారు కూడా పోయిన గొంతుతోనే కలిసి అందుకుంది. ఆవిణ్ణి చూసి మిగతా ముత్తైదువలు అందుకున్నారు. హైమావతి కూతురి చెంపలకి నలుగు పెడుతూ, రెండో చరణం అమ్మ దగ్గర మళ్లీ నేర్చుకుంటూ పాడింది.

పాట అయిపోయింది. చివర్లో రాజ్యమ్మ మాట వినిపించింది. "ఇంక చాల్లే పట్టాభీ. నన్నేం చూస్తావు, పెళ్లికూతుర్ని తియ్యి నాయనా!" పందిరంతా నవ్వింది. పట్టాభి మాత్రం తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"అమ్మాయ్, ఇంకోసారి వేయించవే. ఫోన్లో పట్టుకుంటాం," అన్నారు ఆడవాళ్లు. అప్పటికే కొందరు ఫోన్లు బయటికి తీశారు.

పాత అలవాటు హైమావతి నాలుక చివరిదాకా వచ్చింది. "చూద్దాంలే" అనబోయింది. పక్కన పెట్టుకున్న అమ్మ గిన్నె చూసుకుంది.

"తీసుకోండమ్మా, అందరూ తీసుకోండి. మీ వాళ్లకి కూడా పంపండి. రానివాళ్లుంటే నేనే తెచ్చిస్తాను," అంది. పక్కింటావిడ వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే, "కజ్జికాయల్లోకి నువ్వులు కూడా వెయ్యాలండీ, వేయించి. అప్పుడు చెప్పడం మర్చిపోయాను," అంది. మంగతాయారు కిసుక్కున నవ్వింది.

బంతి పాటలు, అప్పగింతల పాటలు, ఇంకా ఎన్నో పాటలు ఆ నల్ల పెట్టెతోనే పోయాయి. ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ గొంతులో ఆ ఒక్క నలుగు పాటే మిగిలింది. అది ఇప్పుడు తణుకులో ఉంది, మండపేటలో ఉంది, లిఖిత అత్తవారింట్లోనూ ఉంది. ఆ వేసంగికి హైమావతి జాడీ నిండా ఆవకాయ పెట్టి, మూడోరోజు తిరగకలిపి, పేరు చెక్కిన గిన్నెల్లో ఇంటింటికీ స్వయంగా మోసుకెళ్లింది.

నీతి: ఒక్క చోట దాచుకున్నది ఒక్కసారిగా పోతుంది, నలుగురికి పంచింది, మన దగ్గర పోయినా, ఎవరో ఒకరి గిన్నెలో మన గుమ్మానికి తిరిగొస్తుంది.